ఆ ఒక్క ఓటు అటు పడి ఉంటే?

1979 మార్చి 28 రాత్రి లండన్ పార్లమెంటులో ఒక ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అవిశ్వాసానికి అనుకూలంగా 311, వ్యతిరేకంగా 310. లేబర్ పార్టీ ప్రధాని జేమ్స్ కల్లహాన్ ఎన్నికలకు పోక తప్పలేదు. మే నెలలో మార్గరెట్ థాచర్ గద్దెనెక్కి పదకొండేళ్లు కదల్లేదు. ఆ రాత్రి లేబర్ సభ్యుడు ఆల్‌ఫ్రెడ్ బ్రాటన్ చావుబతుకుల మధ్య ఇంట్లో పడి ఉన్నాడు. అంబులెన్సులో తెద్దామా అన్న మాట వచ్చింది. దారిలోనే ప్రాణం పోతుందేమోనని కల్లహాన్ వద్దన్నారు. కొద్ది రోజులకే బ్రాటన్ కన్నుమూశాడు. ఉత్తర ఐర్లండ్ నుంచి వచ్చిన ఫ్రాంక్ మెగ్వైర్ అనే ఇంకో సభ్యుడైతే, తాను ఎవరికీ ఓటెయ్యనని స్వయంగా చూపించడానికే లండన్ దాకా ప్రయాణం చేశాడు. ఇలాంటి మహానుభావులు మన దగ్గరే ఉంటారనుకోవద్దు.

బ్రాటన్ వచ్చి ఉంటే? 311కి 311 సమానమయ్యేది. అక్కడి సంప్రదాయం ప్రకారం స్పీకర్ ఓటు ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచే వైపు పడేది. కల్లహాన్ ఇంకొన్ని నెలలు నెట్టుకొచ్చేవాడు. ఆలోగా థాచర్ మెరుపు తగ్గేదేమో, ఆమె ప్రధానే అయ్యేది కాదేమో! బ్రిటన్‌లో చదువుకున్నవాళ్లకు ఇదొక పెద్ద కాలక్షేపం. జరగని చరిత్రలో ఒక్కో ప్రధానినీ మార్చుకుంటూ జాబితాలు తయారుచేస్తారు, పుస్తకాలు రాస్తారు.

లండన్ ముచ్చట కలిగిరిలో మనకెందుకు అంటారా? ఆ అవిశ్వాసం వెనకున్నది ఒక ప్రాంతం గొడవ. స్కాట్లండ్ గొడవ. అంటే మనలాంటివాళ్ల గొడవ.

1979 మార్చి 1న స్కాట్లండ్ ప్రజలను అడిగారు, మీకు సొంత అసెంబ్లీ కావాలా అని. ఓటేసినవాళ్లలో 51.6 శాతం కావాలన్నారు. గెలిచారు కదా అంటే గెలవలేదు! చట్టం పార్లమెంటులో ఉండగానే జార్జ్ కన్నింగ్‌హామ్ అనే లేబర్ సభ్యుడు అందులో ఒక వాక్యం చేర్పించాడు: ఓటేసినవాళ్లలో మెజారిటీ చాలదు, మొత్తం ఓటర్లలో 40 శాతం అవునని అనాలి. లెక్క తీస్తే 33 శాతం లోపే తేలింది. ఇంటి దగ్గర కూర్చున్నవాడూ, ఊరొదిలి పోయినవాడూ అందరూ ‘వద్దు’ ఖాతాలో పడ్డట్టే. అసెంబ్లీ అటకెక్కింది. ఒళ్లు మండిన స్కాటిష్ నేషనల్ పార్టీ సర్కారు మీద అవిశ్వాసానికి దిగింది, థాచర్ పార్టీ దాన్ని అందిపుచ్చుకుంది. సర్కారు కూలింది. మరి స్కాట్లండ్‌కు ఏం ఒరిగింది? 11 సీట్లున్న ఆ పార్టీ మేలో 2 సీట్లకు దిగజారింది. అసెంబ్లీ మాట ఎత్తనివ్వని ప్రభుత్వం 18 ఏళ్లు నడిచింది.

అందరూ ఆ ఒక్క ఓటు దగ్గరే ఆగిపోతారు. మేము మాత్రం ఆ 40 శాతం వాక్యం దగ్గర ఆగుతాం. ఆ వాక్యం లేకపోయి ఉంటే అవిశ్వాసమే రాదు. బ్రాటన్ కోసం ఎవరూ అంబులెన్సు గురించి ఆలోచించనక్కర్లేదు. కుర్చీలో ఎవరున్నారన్నదానికంటే కాగితం మీద ఏం రాశారన్నది ఎక్కువ పని చేసింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఒక్క ఓటు చరిత్ర మనకూ ఉంది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడింది, అది అందరికీ తెలుసు. కర్నూలులో 1954 నవంబరులో పడిన ఓటు గురించి మాత్రం మన పిల్లలకు చెప్పేవాళ్లు లేరు. ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాది నిండి నెల దాటిందంతే. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం. మద్యనిషేధం మీద వేసిన రామమూర్తి కమిటీ నివేదికను అమలు చేయలేదన్న గొడవ అవిశ్వాసం దాకా పోయింది. ఒక్క ఓటు తేడాతో ఆంధ్రకేసరి ప్రభుత్వం కూలింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. 1955 ఫిబ్రవరిలో మధ్యంతర ఎన్నికలు.

ఆ ఓటు అటు పడి ఉంటే? సరదాకి కాదు, గట్టిగానే ఆలోచిద్దాం.

మధ్యంతరం లేదు. అప్పటికి ఆంధ్రలో కమ్యూనిస్టులు మంచి ఊపు మీదున్నారు. 1952లో మద్రాసు శాసనసభకు ఆంధ్ర ప్రాంతం నుంచి 41 మంది గెలిచి వచ్చారు. 1955లో వాళ్లను ఆపడానికి కాంగ్రెసు, రంగాగారి కృషికార్ లోక్ పార్టీ, ప్రజాపార్టీ అందరూ ఒక్కటయ్యారు. 196 స్థానాల్లో ఐక్య కాంగ్రెసుకు 146. కమ్యూనిస్టులకు ఓట్లు 31 శాతం దాకా వచ్చినా సీట్లు 15 మాత్రమే. ఆ ఎన్నికే లేకుంటే కమ్యూనిస్టులు 1957 దాకా ఓడిపోని శక్తిగానే ఉండేవాళ్లు. అటు తెలంగాణలోనూ వాళ్లు బలంగా ఉన్నారు. ఈ రెండూ కలిపితే ఎర్రజెండా రాష్ట్రం పుడుతుందన్న భయం ఢిల్లీకి ఉండేది. 1955 ఓటమి ఆ భయాన్ని తీసేసింది. కలిపేసినా ప్రమాదం లేదన్న ధీమా వచ్చింది. 1955 సెప్టెంబరులో ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను కొంతకాలం విడిగా ఉంచమని చెప్పినా, పదమూడు నెలలకే 1956 నవంబరు 1న విలీనం చేసేశారు. అంటే కర్నూలులో ప్రకాశానికి తగ్గిన ఒక్క ఓటు హైదరాబాదు దాకా ప్రయాణం చేసింది. ఇది మా అంచనా. కాదన్నవాళ్లు వాదించవచ్చు, ఈ పేజీలోనే చోటిస్తాం.

ఇందులో మన జిల్లావాళ్లకు ఇంకో తమాషా ఉంది. 1955 మార్చిలో ముఖ్యమంత్రి అయిన బెజవాడ గోపాలరెడ్డి బుచ్చిరెడ్డిపాళెం మనిషి. ఎదుటి పక్షానికి పెద్ద దిక్కు పుచ్చలపల్లి సుందరయ్య, అలగానిపాడు మనిషి. కమ్యూనిస్టులే గెలిచి ఉంటే సుందరయ్య ముఖ్యమంత్రి అయ్యేవారనే మా అంచనా. 1957లో కేరళలో నంబూద్రిపాద్‌కు దక్కిన పేరు రెండేళ్ల ముందే మన నెల్లూరుకు దక్కేది. అంటే ఆ ఎన్నికల్లో ఎవరు గెలిచినా కుర్చీలో కూర్చునేది నెల్లూరాయనే!

ఇంకొంచెం ముందుకు పోదాం. కమిషన్ మాట చెల్లి 1956లో కలవకపోతే ముఖ్యమంత్రుల జాబితా రెండుగా చీలుతుంది. కర్నూలులో గోపాలరెడ్డి 1957 దాకా ఉండేవారు, వెనకే నీలం సంజీవరెడ్డి కాచుకుని ఉండేవారు. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు, ఆపైన మర్రి చెన్నారెడ్డి. ఇక పి.వి. నరసింహారావు సంగతి చూడండి. 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయన్నది. జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. 1973 జనవరికి పి.వి. పదవి పోయింది, రాష్ట్రపతి పాలన వచ్చింది. రాష్ట్రాలు రెండుగా ఉంటే ముల్కీ గొడవ లేదు, జై ఆంధ్ర లేదు. పి.వి. హైదరాబాదులోనే హాయిగా పాలించుకునేవారు. అలాంటి మనిషి ఢిల్లీ బాట పట్టి 1991లో ప్రధాని అయ్యేవారా? నంద్యాల ఉప ఎన్నికలో సీమ ఓట్లతో లోక్‌సభకు వెళ్లేవారా? జై ఆంధ్ర లేకపోతే ఆ ఉద్యమంలో నెల్లూరు విద్యార్థులను నడిపించిన వెంకయ్యనాయుడు 1978లో జనతా టికెట్టు మీద, 1983లో బీజేపీ టికెట్టు మీద మన ఉదయగిరిలో గెలిచేవారా? రామారావు ప్రభంజనంలో రాష్ట్రమంతా కొట్టుకుపోతుంటే తన దారి తాను చూసుకున్న ఉదయగిరి, ఆ ముచ్చట కూడా కోల్పోయేది.

ఈ ఆటకు అంతు లేదు. మన ముఖ్యమంత్రులను జనం కంటే ఎక్కువగా ఢిల్లీయే తయారుచేసింది కాబట్టి ఆట ఇంకా సులువు. 1978 ఎన్నికల్లో జనం గెలిపించింది ఒక సభను. ఆ సభకు ఢిల్లీ పంపింది నలుగురు ముఖ్యమంత్రులను: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. దూత విమానం దిగుతాడు, ఎమ్మెల్యేల ‘అభిప్రాయం’ తీసుకుంటాడు, పేరు మాత్రం బయల్దేరేటప్పుడే జేబులో ఉంటుంది. ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని చెప్పుకునే బ్రిటన్‌లోనూ కన్సర్వేటివ్ పార్టీ 1965 దాకా నాయకుణ్ని ఓటుతో ఎన్నుకోలేదు. 1963లో మాక్‌మిలన్ జబ్బుపడి తప్పుకుంటే పెద్దలు నలుగురినీ కనుక్కున్నామనిపించి, అందరూ అనుకున్న బట్లర్‌ను పక్కనబెట్టి, లార్డ్ హోమ్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. సీల్డ్ కవరు విద్య మనవాళ్లు ఎక్కడ నేర్చారో!

కలిగిరి పొగాకు వేలం కేంద్రం బయట టీకొట్టు దగ్గర కూర్చోండి. బేళ్లు లోపలికి పోయి, రేటు తేలేదాకా రైతుకు పనేముంటుంది? రాజకీయమే. ‘రాజశేఖరరెడ్డి ఆ పొద్దు హెలికాప్టరు ఎక్కకుండా ఉండుంటే రాష్ట్రం చీలేదా అన్నా?’ అని ఒకరు. ‘చీలినా ఇట్టా చీలేది కాదు’ అని ఇంకొకరు. 2009 సెప్టెంబరు 2న ఆయన పోయారు. మూడు నెలలు తిరిగేసరికి డిసెంబరు 9న తెలంగాణ ప్రకటన వచ్చింది. కాబట్టి ఆ ప్రశ్నలో పస లేకపోలేదు. కానీ మేము గమనించిందేమంటే, ఎంతసేపూ మనుషులే మారుతుంటారు. ఈయన ఉండుంటే, ఆయన రాకుండా ఉంటే. ఆ మాటల మధ్యలో ఎవరో ఒకరు లేచి, ‘సరేలే, ఎవురొచ్చినా మన బోర్లలో నీళ్లు పడతాయా ఏంది’ అని టీ గ్లాసు కింద పెడతారు. మా దృష్టిలో అంతసేపటి చర్చలో పనికొచ్చేది ఆ మాటే.

నెల్లూరుకు ముఖ్యమంత్రులు కరువా? బెజవాడ గోపాలరెడ్డి ఉన్నారు. 1990 డిసెంబరు నుంచి 1992 అక్టోబరు దాకా వాకాడు నేదురుమల్లి జనార్దనరెడ్డి ఉన్నారు. ఉదయగిరి ఓటుతో పైకొచ్చిన వెంకయ్యనాయుడు కేంద్రమంత్రి అయ్యారు, 2017 నుంచి 2022 దాకా ఉపరాష్ట్రపతిగా ఉన్నారు. సుందరయ్య ముఖ్యమంత్రి కాలేదు గానీ పార్లమెంటులో, శాసనసభలో ఆయన గొంతు తక్కువదేం కాదు. జాగ్రత్తగా చూస్తే వీళ్లంతా తూర్పు నెల్లూరు మనుషులు. బుచ్చిరెడ్డిపాళెం, అలగానిపాడు అయితే పెన్న కాలువల కింద వరి పండే సీమ. మెట్ట నెల్లూరు వేరు. కలిగిరి, కొండాపురం, వింజమూరు, దుత్తలూరు, వరికుంటపాడు, సీతారామపురం, ఉదయగిరి: ఇక్కడ చెరువు నిండితే పండగ, బోరు ఎండితే బెంగళూరు బస్సు. ఇద్దరినీ ఒక్క జిల్లా పేరుతో పిలుస్తారు కాబట్టి బయటివాళ్లకు నెల్లూరంటే మొలకొలుకులు బియ్యమే గుర్తొస్తాయి.

1955 డిసెంబరు 10న నందికొండ దగ్గర నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేసినప్పుడు ఆంధ్ర ముఖ్యమంత్రి ఎవరు? మన గోపాలరెడ్డే. సాగర్ కుడికాలువ గుంటూరు దాటి, ఒంగోలు సీమ దాకా వచ్చి ఆగింది. కలిగిరి చూడలేదు. దానికి ముందు మద్రాసు ప్రభుత్వం దగ్గర కృష్ణా–పెన్నార్ పథకం ఉండేది. సిద్ధేశ్వరం దగ్గర కృష్ణకు అడ్డుకట్ట వేసి, నీళ్లు పెన్నకు మళ్లించి, సీమ మీదుగా దక్షిణానికి తీసుకుపోవాలని. ఆ నీళ్లు అరవవాళ్లకు పోతాయని ఆంధ్ర నాయకులు అడ్డుపడ్డారు. ఖోస్లా కమిటీ నందికొండకు మొగ్గు చూపింది. మద్రాసుకు నీళ్లు పోకూడదని పట్టుబట్టి సాధించుకున్నదేమిటి? పోయేది ఎలాగూ పోయింది. తర్వాత తెలుగుగంగ కట్టి, మన అనంతసాగరం మండలంలోని సోమశిల నుంచి కండలేరుకు, కండలేరు నుంచి చెన్నైకి నీళ్లు తీసుకుపోయారు. చెన్నై తాగితే మాకు ఏడుపు లేదు, దాహం ఎవరిదైనా దాహమే. 78 టీఎంసీల జలాశయం ఆత్మకూరు నియోజకవర్గంలో పెట్టుకుని, ఆ గట్టు పక్కనున్న మెట్ట ఆకాశం వైపు చూడడం ఏమిటన్నదే మా ప్రశ్న.

దీనికి జవాబు 1937లో ఉంది. ఆ ఏడాది నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావుగారి ఇల్లు శ్రీబాగ్‌లో పెద్దమనుషులు కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. శ్రీబాగ్ అనగానే అందరూ రాజధాని, హైకోర్టు అంటారు. నీళ్ల వాక్యం మరిచిపోతారు. పదేళ్లపాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లు వాడుకునే పెద్ద పథకాల్లో రాయలసీమకూ నెల్లూరుకూ ముందు హక్కు. రాయలసీమకూ, నెల్లూరుకూ! మనల్ని సీమతో కలిపి చూసింది ఇవాళ్టి ఉద్యమం కాదు, ఆనాటి ఆంధ్ర పెద్దలే. కోస్తావాళ్లతో సమానమయ్యేదాకా మీకే మొదటి వడ్డన అని సంతకాలు పెట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్ర చట్టం పార్లమెంటుకు వచ్చింది. అందులో శ్రీబాగ్ ఊసు లేదు. పొట్టి శ్రీరాములు ప్రాణం పెట్టి సాధించిన రాష్ట్రం అది. ఆ రాష్ట్రానికి సీమను ఒప్పించిన ఒప్పందమే దాని చట్టంలో లేకుండా పోయింది. పెద్దమనుషులు మాటిచ్చారు కదా, రాయడమెందుకు అనుకున్నారు.

తెలంగాణవాళ్లకూ ఇదే జరిగింది. 1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. దానిమీద సంతకం చేసినవాళ్లలో మన గోపాలరెడ్డీ ఉన్నారు. ఉల్లంఘనల లెక్క రాసుకుంటూ 1969లో వాళ్లు రోడ్డెక్కారు, 2014 జూన్ 2న రాష్ట్రం తెచ్చుకున్నారు. ఫజల్ అలీ కమిషన్ వాళ్లకోసం ఒక వాక్యం రాసింది: 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక, హైదరాబాదు శాసనసభలో మూడింట రెండువంతులు సరేనంటేనే విలీనం. ఆ ఒక్క వాక్యం చట్టమై ఉంటే యాభై ఎనిమిదేళ్ల గొడవ చాలావరకు ఉండేది కాదు. మన ఒప్పందం వాళ్లదానికంటే 18 ఏళ్లు పెద్దది. మనం మాత్రం ఉల్లంఘనల లెక్క కూడా సరిగ్గా రాయలేదు.

అందుకే, ప్రకాశం ఒక్క ఓటుతో గట్టెక్కి ఉంటే కలిగిరికి నీళ్లొచ్చేవా అని అడిగితే, రావనే చెబుతాం. ముఖ్యమంత్రుల జాబితా మొత్తం మారేది. రాజధాని కర్నూలులో ఇంకొన్నేళ్లు ఉండేది, తర్వాత కోస్తావాళ్లు ఎటు లాగేవారో చెప్పలేం. పి.వి. ప్రధాని కాకపోయేవారు. నీటివాటా వాక్యం లేని చట్టం కింద, గుంటూరు కృష్ణా జిల్లాల ఎమ్మెల్యేల బలం ముందు, మన మెట్ట గతి ఇంతకంటే పెద్దగా మారేది కాదు.

స్కాట్లండ్ వాళ్లు 1979 దెబ్బ తర్వాత ఏం చేశారన్నది మన ఉద్యమ నాయకులు చదవాల్సిన పాఠం. మొదట్లో పదేళ్లు తిట్టుకున్నారు, నువ్వంటే నువ్వని. 1989లో పార్టీలు, చర్చిలు, కార్మిక సంఘాలు కలిసి ఒక రాజ్యాంగ సదస్సు పెట్టుకుని, తమకు ఎలాంటి పార్లమెంటు కావాలో కాగితం మీద పెట్టుకున్నారు. ప్రధాని ఎవరైనా సరే ఆ కాగితం చేతిలో ఉంది. 1997లో బ్లెయిర్ వచ్చాడు. సెప్టెంబరులో మళ్లీ ప్రజలను అడిగారు, ఈసారి 40 శాతం మెలిక లేదు. 74 శాతం అవునన్నారు. 1998లో చట్టం, 1999లో పార్లమెంటు.

మరి మన సభల్లో ఏం జరుగుతోంది? గ్రేటర్ రాయలసీమ అనగానే, ఆరు జిల్లాల రాష్ట్రమొస్తే మొదటి ముఖ్యమంత్రి ఏ జిల్లావాడు, ఏ కులంవాడు అన్న చర్చే వేదిక వెనక నడుస్తుంది. రాజధాని తిరుపతా, కర్నూలా అని కొట్టుకుంటారు. పెన్నలో మెట్ట నెల్లూరు వాటా ఎంత, సోమశిల హైలెవల్ కాలువ ఏ ఊరిదాకా రావాలి, కొత్త రాష్ట్రంలో మెట్టకూ మాగాణికీ తగువొస్తే ఎవరు తీర్చాలి అని ఒక్క పేజీ రాసుకున్న పాపాన పోలేదు. రేపు రాష్ట్రమొచ్చి, తూర్పు నెల్లూరాయనో, కర్నూలాయనో కుర్చీ ఎక్కితే మళ్లీ మనం టీకొట్టు దగ్గర ‘ఉండుంటే’ ఆట ఆడుకోవాల్సిందే కదా!

చట్టంలో మన నీళ్ల పేరు అసలెక్కడా లేదని కూడా అనలేం. ఒక చోట ఉంది. వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో చంద్రబాబునాయుడు శంకుస్థాపన చేశారు, 2004లో రాజశేఖరరెడ్డి మళ్లీ చేశారు. కృష్ణ వరదనీరు 43.5 టీఎంసీలు నల్లమల సొరంగాల గుండా తెచ్చి ప్రకాశం, కడప మెట్టలతో పాటు మన ఉదయగిరి మెట్టకూ ఇవ్వాలన్నది పథకం. 2024 మార్చి 6న జగన్‌మోహన్‌రెడ్డి జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆనాటికి ముంపు గ్రామాలవాళ్లకు పునరావాసం పూర్తి కాలేదు. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు శిలాఫలకాలు. వాటికంటే మాకు 2014 రాష్ట్ర పునర్విభజన చట్టమే ముఖ్యం. దాని పదకొండో షెడ్యూలులో, నిర్మాణంలో ఉన్న ఆరు ప్రాజెక్టులను పూర్తి చేయాలని, వాటి నీటి ఏర్పాటు అలాగే కొనసాగాలని ఒక వాక్యం ఉంది. హంద్రీనీవా, తెలుగుగంగ, గాలేరు–నగరి తర్వాత నాలుగో పేరు మనది. పార్లమెంటు ఆమోదించి, రాష్ట్రపతి సంతకం పెట్టిన ఆ కాగితం మీద అచ్చయిన మాట మాత్రం వెలిగొండ కాదు, ‘వెనెగొండు’.